పుట్టనివాళ్ల నీళ్లు

ఆ నగరంలో నీళ్లు చాలడం లేదు. కొండమీది చెరువు నుంచి వచ్చే పాత గొట్టం దారి పొడుగునా అక్కడక్కడా కారుతోంది. వీధి కొళాయిలకు పొద్దునపూట కాసేపు నీళ్లొచ్చి ఆగిపోయేవి. జనం నగరసభకు వెళ్లి, గొట్టం అతుకులు బాగుచేయించమని అడిగారు.

సభ్యులు వాళ్లు చెప్పింది ఓపిగ్గా విన్నారు. తర్వాత సభాధ్యక్షుడు లేచాడు. ఆయన మంచి వక్త. ఎదుటి మనిషిని చూడకుండా, ఆ మనిషి తల మీదుగా ఎక్కడికో దూరంగా చూస్తూ మాట్లాడటం ఆయనకు అలవాటు. దూరదృష్టి అంటే అదేనని సభ్యుల నమ్మకం.

“అతుకులు వేసుకుంటూ కూర్చుంటే అతుకుల బతుకే మిగులుతుంది,” అన్నాడాయన. “మనం రాబోయే నూరేళ్లకు నీళ్ల పథకం వేద్దాం.”

సభ్యులు బల్లలు చరిచారు. జనం కూడా చప్పట్లు కొట్టారు. నూరేళ్లకు సరిపడా నీళ్లంటే అందులో రేపటి బిందె కూడా ఉంటుందని వాళ్లు అనుకున్నారు.

పథకం వేయడానికి ఒక ఇంజనీరును పిలిపించారు. మెత్తగా మాట్లాడే మనిషి. ఎండ పడదు కాబట్టి కొండమీది చెరువు దాకా ఆయన ఎప్పుడూ వెళ్లలేదు. కాగితం మీద గీస్తే ఎవరికీ అర్థం కాదని, కళ్లకు కట్టినట్టు ఉండాలని చెప్పి, సభ జరిగే హాలు మధ్యలోనే నూరేళ్ల తర్వాతి నగరానికి నమూనా కట్టడం మొదలుపెట్టాడు.

నమూనా అందంగా వచ్చింది. తిన్నని వీధులు, తోటలు, ఫౌంటెన్లు, ఊరి మధ్యలో ఒక చెరువు, ప్రతి ఇంటి ముందూ మల్లెకాడంత ఇత్తడి కొళాయి. వీధుల్లో మట్టిబొమ్మల జనాన్ని నిలబెట్టారు. బొమ్మలన్నీ ఒకే అచ్చులో పోసినవి కావడంతో అందరి మొహాల మీదా ఒకే చిరునవ్వు ఉండేది.

“దీనికి నిజం నీళ్లు కావాలి,” అన్నాడు ఇంజనీరు. “నీళ్లు లేని నీళ్ల పథకాన్ని ఎవరు నమ్ముతారు?”

ఆ మాట సబబుగానే ఉందని సభకు తోచింది. హాలు వెనక పెద్ద గొట్టానికి కన్నం వేసి, ఒక పిల్లగొట్టాన్ని లోపలికి తీసుకొచ్చారు. కొళాయిలు తిప్పగానే సన్నటి ధారలు పడ్డాయి. ఫౌంటెన్లు లేచాయి. తలలు నెరిసిన సభ్యులు నేలమీద మోకాళ్లూని కూర్చుని, వేళ్లు తడుపుకుని నవ్వుకున్నారు. వాడిన నీళ్లు హాలు వెనక్కు పోయి తుమ్మపొదల్లో ఇంకిపోయేవి.

ఇతర నగరాల నుంచి పెద్దలు వచ్చి చూసి మెచ్చుకుని వెళ్లారు. ఎవరు ఎప్పుడొస్తారో తెలియదు కాబట్టి ధారలు ఆపడానికి లేకుండా పోయింది. ప్రతి సమావేశంలోనూ ఎవరో ఒక సభ్యుడు నమూనాకు ఒక కొత్త పేట కలపాలనేవాడు. పేట కలిపినప్పుడల్లా పిల్లగొట్టం కాస్త లావయ్యేది. మొదట కుమ్మరి వీధి కొళాయి ఎండింది. తర్వాత మగ్గాల వీధిది. ఆ వీధుల వాళ్లు బిందెలు పట్టుకుని హాలు మెట్లెక్కారు.

అప్పుడు సభ ఒక తీర్మానం చేసింది. హాలులోని నీళ్లు ఇంకా పుట్టని తరాల సొత్తు, ఇప్పుడు బతికున్నవాళ్లు వాటిని ముట్టకూడదు. ఆ మాటల్ని రాతి పలక మీద చెక్కించి గుమ్మం మీద బిగించారు. కింద హుసేనప్ప అనే బంట్రోతును కర్రతో నిలబెట్టారు.

హుసేనప్పది కుమ్మరి వీధి. ఆయన ఇంట్లోనూ నీళ్లు లేవు. రోజంతా వీపు హాలువైపు పెట్టి నిలబడేవాడు. లోపలి నీళ్ల చప్పుడు చెవిన పడితే నోరెండిపోయేది.

ఎండలు బాగా ముదిరిన ఒక మధ్యాహ్నం, మగ్గాల వీధిలో సుంకులు అనే అమ్మాయికి నొప్పులు మొదలయ్యాయి. అదే ఆమెకు తొలి కాన్పు. మొగుడు పొద్దున్నే బండి మీద బిందెలు కట్టుకుని కొండ అవతలి వాగుకు నీళ్లకోసం పోయి ఇంకా రాలేదు. మంత్రసాని ఓబులమ్మ వచ్చి కుండలో చెయ్యి పెట్టి చూసింది. అడుగున తడి మాత్రమే తగిలింది.

ఓబులమ్మ ఇరుగుపొరుగును అడిగింది. ఒకామె అరచెంబు ఇచ్చింది. ఎదురింటామె తలుపు వేసుకుంది. ఆమెను తప్పుపట్టడానికి లేదు, ఆమె పిల్లలూ నాలుక చప్పరించుకుంటూనే ఉన్నారు. ఓబులమ్మ సుంకులు నుదురు తుడిచి, “నేనొచ్చేదాకా ఓర్చుకోమ్మా,” అని చెప్పి, ఇత్తడి బిందె చంకన పెట్టుకుని హాలుకు నడిచింది.

“యాడికక్కా?” అన్నాడు హుసేనప్ప.

“నీళ్లకు.”

“ఈ నీళ్లు బతికున్నోళ్లకు కాదక్కా. పైన రాసుండారు చూడు.”

“నాకు సదువు రాదు. ఏమి రాసినారో నువ్వే సెప్పు.”

హుసేనప్ప పలక మీది మాటలు పైకి చదివాడు. ఓబులమ్మ కాసేపు ఆలోచించింది.

“అయితే సరిపోయింది. నేనొచ్చింది పుట్టనోళ్ల కోసరమే,” అంది.

హుసేనప్ప ఆమెను ఒకసారి తేరిపార చూసి, కర్ర పక్కకు తీశాడు.

లోపల సభ నడుస్తోంది. నూరేళ్ల తర్వాత పిల్లల పార్కులో ఫౌంటెన్ ఒక ధారగా లేవాలా, మూడు ధారలుగా లేవాలా అన్నది ఆనాటి చర్చ. ఓబులమ్మ బిందెను బండల మీద దించింది. ఆ చప్పుడుకు సభాధ్యక్షుడు మొహం చిట్లించాడు.

“ఏం కావాలమ్మా?” అన్నాడు ఆమె తల మీదుగా చూస్తూ.

“నీళ్లు సామీ. మగ్గాల వీధిలో ఒక పిల్ల నొప్పులు పడతా ఉంది. బిడ్డ ఇంకా పుట్టలేదు. ఈ నీళ్లు పుట్టనోళ్లవే గదా. వాళ్ల పాలు వాళ్లకు పోయండి.”

సభ్యులు సిగ్గుపడ్డారని అనుకుంటే పొరపాటు. వాళ్లకు ఉత్సాహం పుట్టింది. చాలాకాలానికి వాళ్ల ముందుకు ఒక చిక్కుముడి వచ్చింది. ఎప్పుడూ కునికే ఒక ముసలి సభ్యుడు కూడా లేచి సర్దుకుని కూర్చున్నాడు. పుట్టని తరం అంటే పథకం పూర్తయ్యాక పుట్టేవాళ్లని ఒకరన్నారు. తీర్మానంలో ఆ మాట లేదని ఇంకొకరన్నారు. కడుపులో ఉన్నది బిడ్డేనని రుజువేమిటని మరొకరు అడిగారు. వాళ్లు వాదించుకుంటున్నంతసేపూ ఓబులమ్మ నిలబడే ఉంది. అక్కడున్న వాళ్లలో ఇద్దరిని ఆమె తల్లే భూమ్మీదికి దించింది. ఆ సంగతి ఆమె ఎత్తలేదు.

చివరికి ఇంజనీరు గొంతు సవరించుకున్నాడు. “నియమం ప్రకారం ఈమె మాట సరైనదే. పుట్టేదాకా ఆ బిడ్డ భావితరం. పుట్టిన క్షణం నుంచి ఈ తరం.”

సభాధ్యక్షుడు తీర్పు చెప్పాడు. ఒక బిందె నీళ్లు ఇవ్వాలి. బంట్రోతు వెంట వెళ్లి గడప బయట నిలబడాలి. బిడ్డ తొలి ఏడుపు వినగానే, మిగిలిన నీళ్లు వెనక్కు తేవాలి.

“పుట్టినాక బిడ్డకు నీళ్లు పోయద్దా సామీ?” అంది ఓబులమ్మ.

“పుట్టినవాళ్ల నీళ్లు వేరే అంశం. వచ్చే సమావేశంలో పెడదాం,” అన్నాడాయన.

హుసేనప్ప నిండు బిందె భుజాన పెట్టుకుని ఓబులమ్మ వెనక నడిచాడు. వీధుల్లో జనం అరుగుల మీద నుంచి చూశారు. బిందె నుంచి చిందే చుక్కల కోసం ఒక కుక్క మగ్గాల వీధి దాకా వాళ్ల వెంటే వచ్చింది.

ఓబులమ్మ లోపలికి పోయి తలుపు వేసింది. హుసేనప్ప చూరు కింద జానెడు నీడలో నిలబడ్డాడు. సుంకులు మూలుగు వినిపిస్తోంది. మూలుగు కేక అయింది. కేక ఆగింది. ఆ తర్వాత బిడ్డ ఏడుపు వినిపించింది. మొదట సన్నగా, తర్వాత వీధి చివరి దాకా వినబడేటంత గట్టిగా.

హుసేనప్ప తలుపు తట్టాలి. ఆయన చెయ్యి లేవలేదు. లోపల నీళ్లు చెంబుతో ముంచి పోస్తున్న చప్పుడు వస్తోంది. ఇన్నాళ్లూ ఏ చప్పుడు వినకుండా వీపు తిప్పుకుని నిలబడ్డాడో ఆ చప్పుడును గోడకు చెవి ఆనించి విన్నాడు. అది ఆగేదాకా విన్నాడు.

ఓబులమ్మ చేతులు తుడుచుకుంటూ తలుపు తీసింది.

“ఏమన్నా ఇనపడిందా హుసేనప్పా?”

“పిల్లో ఏమో అరిసినట్టుండాది,” అన్నాడు.

ఓబులమ్మ ఆయన మొహంలోకి చూసింది. “పిల్లే,” అంది. ఆ మాటను పిల్లి అనీ పిల్ల అనీ ఎటైనా తీసుకోవచ్చు. పుట్టింది ఆడపిల్ల.

హుసేనప్ప ఖాళీ బిందెతో తిరిగి వెళ్లి, బిడ్డ ఇంకా పుట్టలేదని చెప్పాడు. అయితే రేపు మరో బిందె ఇవ్వాలని సభ ఆదేశించింది. నియమం విషయంలో ఆ సభ చాలా నిక్కచ్చి.

సాయంత్రం సుంకులు మొగుడు వచ్చాడు. బండి మీది నీళ్లు సగం దారిలోనే ఒలికిపోయాయి. శుభ్రంగా కడిగి పడుకోబెట్టిన బిడ్డను చూసి సంతోషం పట్టలేక కేకేయబోయాడు. ఓబులమ్మ అతని నోటిమీద చెయ్యి పెట్టింది.

“గమ్మునుండు. నీ కూతురింకా పుట్టలేదు.”

రోజూ బిందె వచ్చేది. అందులో తల్లీబిడ్డలకు కావలసినంత ఉంచుకుని మిగిలింది ఓబులమ్మ వీధిలో పంచేది. తలుపు వేసుకున్న ఎదురింటామెకూ ఒక చెంబు అందింది. పుట్టని బిడ్డ పుణ్యాన మగ్గాల వీధి గొంతు తడిసింది. కానీ పుట్టని బిడ్డకు పేరు పెట్టడానికి లేదు. ఊయల కట్టడానికి లేదు. బిడ్డ ఏడ్చినప్పుడల్లా సుంకులు నోటికి కొంగు అడ్డం పెట్టేది. మొదట్లో ఇదంతా చూసి నవ్వుకుంది. తర్వాత నవ్వు రాలేదు.

“ఎన్నాళ్లు దాయాలత్తా?” అని ఓబులమ్మను అడిగింది.

“నీళ్లొచ్చేదాకా.”

“ఇది పుట్టలేదని కదా నీళ్లు వస్తాండేది.”

ఓబులమ్మ చెయ్యి చాపి బిడ్డ తల నిమిరి లేచి వెళ్లిపోయింది.

గుట్టు ఎంతోకాలం దాగలేదు. నీళ్లున్న వీధి సంగతి పక్క వీధికి తెలియకుండా ఉండదు. ఒక పొద్దున, కుమ్మరి వీధిలో గుడ్డల అంగడి పెట్టుకున్న ఒక ముసలాయన చెంబుతో హాలు మెట్లెక్కాడు.

“సామీ, నేనింకా పుట్టలేదు,” అన్నాడు.

“మరి మాట్లాడుతున్నావు కదా,” అన్నాడు సభాధ్యక్షుడు.

“మాట్లాడితే పుట్టినట్టేనా సామీ? ఈ ఊర్లో నా మాట ఎవరన్నా ఇన్నారా? నేనుండానని మీకెప్పుడన్నా తెలిసిందా? మీ పద్దులో లేని మనిషి పుట్టినట్టు ఎట్లవుతాడు?”

సభ్యులు తలలు దగ్గరకు చేర్చి గుసగుసలాడుకున్నారు. ముసలాయన వాదనలో లోపం దొరకలేదు. ఆయనకు చెంబుడు నీళ్లు పోశారు.

మర్నాటికి హాలు ముందు నగరమంతా బారులు తీరింది. పిల్లలు, ముసలివాళ్లు, అత్తలు, కోడళ్లు. అందరూ తాము పుట్టలేదన్నారు. నేను నీకంటే ముందునుంచీ పుట్టలేదని ఒకడు ఇంకొకణ్ణి వరుసలోంచి తోసేశాడు. బతికిన ఇన్నేళ్లనూ ఒక బిందె కోసం వదిలేసుకోవడానికి ఎవరికీ పెద్ద కష్టం అనిపించలేదు. ఇంజనీరు మాత్రం ఉప్పొంగిపోయాడు. నూరేళ్ల తర్వాత ఉంటారని తాను అంచనా వేసిన జనం అప్పుడే వచ్చేశారన్నాడు. సభాధ్యక్షుడు మెట్ల మీద నిలబడి, భావితరం తమ గడప తొక్కిందని ఉపన్యాసమిచ్చాడు. ఆ రోజు అందరికీ నీళ్లు దొరికాయి.

ఎక్కువ కాలం గడవకముందే నమూనాలో ఫౌంటెన్లు కుంగిపోయాయి. బొమ్మచెరువు అడుగు కనబడింది. సభ తలుపులు వేసుకుని సమావేశమైంది. తలుపులు తెరిచాక సభాధ్యక్షుడు బయటికి వచ్చి కొత్త తీర్మానం వినిపించాడు.

“తాము పుట్టలేదని ఈ నగరవాసులందరూ తమ నోటితోనే చెప్పారు. సభ దాన్ని ఆమోదించింది. పుట్టనివాళ్లకు దాహం ఉండదు. కాబట్టి ఇవాళ్టి నుంచి బిందెలు ఆపుతున్నాం. పుట్టనివాళ్లకు ఇళ్లూ వీధులూ ఉండవు. కాబట్టి వీధి కొళాయిలు పీకిస్తున్నాం. పుట్టనివాళ్లకు ఓటు ఉండదు. వాళ్లంతా పుట్టేదాకా ఈ సభే కొనసాగుతుంది.”

జనం ఖాళీ బిందెలతో నిలబడిపోయారు. అందరూ ఆ మాట చెప్పి నీళ్లు పట్టుకున్నవాళ్లే. గుడ్డల అంగడి ముసలాయన తల దించుకున్నాడు. సభ చెప్పినదాంట్లో న్యాయం ఉందని తల ఊపినవాళ్లు కూడా కొందరు ఉన్నారు.

ఓబులమ్మ గుంపులో వెనకగా ఉంది. ఈ దారి మొదట తొక్కింది తానే కదా అనుకుంది. అరుగు వెతుక్కుని కూర్చుంది.

అప్పుడు సుంకులు జనాన్ని తప్పించుకుంటూ ముందుకు వచ్చింది. చంకలో బిడ్డ ఉంది. నడినెత్తిన ఎండ. బిడ్డ గుక్కపట్టి ఏడుస్తోంది. సుంకులు ఈసారి కొంగు అడ్డం పెట్టలేదు. మెట్లెక్కి హుసేనప్ప ముందు నిలబడింది.

“అన్నా, ఇదేం అరుపు?” అని అడిగింది.

హుసేనప్ప వెనక సభాధ్యక్షుడు ఉన్నాడు. ఆయన వెనక సభ్యులందరూ ఉన్నారు. బంట్రోతు నౌకరీ ఒక్కటే హుసేనప్ప ఇంటికి ఆధారం.

“బిడ్డ ఏడుపమ్మా,” అన్నాడు. సరిగ్గా వినిపించలేదేమోనని ఇంకోసారి అన్నాడు. “బిడ్డ పుట్టింది. ఆ పొద్దే పుట్టింది. నేనే అబద్ధం సెప్పినా.”

“ఇది నా కూతురు,” అంది సుంకులు జనం వైపు తిరిగి. “దీనికి దూపయితా ఉంది.”

గుడ్డల అంగడి ముసలాయన, తనకు తాను చెప్పుకుంటున్నట్టుగా, “నేనూ పుట్టినా,” అన్నాడు. ఎదురింటామె అంది. కుమ్మరి వీధివాళ్లు అన్నారు. కొందరు సిగ్గుపడుతూ అన్నారు, కొందరు పక్కవాళ్లు అన్నారు కాబట్టి అన్నారు. ఎవరూ హాల్లోకి పోలేదు. అందరూ వెనక్కు, తుమ్మపొదల వైపుకు నడిచారు. పిల్లగొట్టం పెద్ద గొట్టాన్ని కలిసే చోట మనిషో చెయ్యి వేసి పెరికేశారు. హుసేనప్ప తన కర్రను కన్నంలో దిగ్గొట్టి, పైన గుడ్డలు చుట్టాడు.

అంతా సవ్యంగా జరిగిందని చెప్పలేం. నీళ్లు ఎగజిమ్మి నేలంతా బురదయింది. బిందెలు సొట్టలు పడ్డాయి. ఇద్దరు అన్నదమ్ములు చెంబు కోసం బురదలో పడి కొట్టుకున్నారు. ఓబులమ్మ లేచి వచ్చి ఇద్దరికీ తిట్లు పెట్టి విడదీసింది. అయినా సాయంత్రానికి మగ్గాల వీధి కొళాయి నీళ్లు కక్కింది. కొండదారిలో అతుకులు కట్టడానికి ఎవరు పోవాలన్న తగవు మర్నాడు మొదలైంది. తిట్టుకుంటూనే కొందరు తారు డబ్బాలు, గోనెపట్టాలు మోసుకుని కొండెక్కారు. సుంకులు గడపలో కూర్చుని, పని ఉన్నా లేకపోయినా, కూతుర్ని పేరు పెట్టి గట్టిగా పిలుస్తూ ఉండేది.

హాలులోకి మాత్రం ఇక ఎవరూ రాలేదు. అడిగేవాళ్లు లేక, వినేవాళ్లు లేక సభ్యులు నమూనా చుట్టూ కుర్చీలు వేసుకుని కూర్చున్నారు. ఇత్తడి కొళాయిలు బొట్టుబొట్టుగా కారి ఆగిపోయాయి. బొమ్మచెరువు నెర్రెలిచ్చింది. ఇంజనీరు తడిగుడ్డతో మట్టి మొహాలను ఒక్కొక్కటే తుడుస్తూ కూర్చున్నాడు. గుడ్డలో తడి కూడా అయిపోయింది.

సభాధ్యక్షుడు లేచి కండువా సర్దుకున్నాడు. మట్టి జనం తలల మీదుగా దూరంగా చూశాడు.

“మహాజనులారా, తాత్కాలికంగా కొంత ఇబ్బంది ఏర్పడింది. మీరు కొంచెం ఓర్చుకుంటే, మీ తర్వాత నూరేళ్లకు వచ్చేవాళ్ల కోసం మరింత పెద్ద పథకం వేస్తాం.”

అలవాటు ప్రకారం, ఎవరైనా అడ్డం పడతారేమోనని కాసేపు ఆగాడు. అందరూ అదే చిరునవ్వుతో చూస్తున్నారు. అతుకుల మాట ఎవరూ ఎత్తలేదు. ఎవరి చంకలోనూ ఖాళీ బిందె లేదు. ఒక సభ్యుడి కళ్లు చెమర్చాయి.

“ఎంత అర్థం చేసుకునే జనం. వీళ్లు మనకు ముందే దొరికి ఉండాల్సింది,” అన్నాడు.

“వ్యతిరేకించేవాళ్లు చెయ్యి ఎత్తవచ్చు,” అన్నాడు సభాధ్యక్షుడు.

ఎవరూ ఎత్తలేదు. చెరువుగట్టు మీద నిలబడ్డ ఒక బొమ్మ చెయ్యి మాత్రం ఎండి, పగిలి, టప్పున కింద పడింది. సభ్యులందరూ అటు చూశారు. ఇంజనీరు వంగి దాన్ని తీసి, పరీక్షగా చూసి, సభాధ్యక్షుడి ముందు పెట్టాడు.

దాని మీద చాలాసేపు చర్చ జరిగింది. రాలిన చెయ్యి ఎత్తిన చెయ్యి కిందికి రాదని చివరికి తేల్చారు. తీర్మానం ఏకగ్రీవంగా నెగ్గింది.